బెత్తెడు నీళ్ళ పక్షులు

బెంగళూరులోని జక్కూరు చెరువు దగ్గర పక్షుల్ని చూడటానికి నడక జరిగిన వారం తర్వాత, మన తెలుగు కుటుంబాల నెలవారీ సమావేశంలో మాట్లాడిన మాటలు ఇవి. రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.

వెనకాల కూర్చున్నవాళ్ళకు వినబడుతోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గిస్తే... ఆఁ, చాలు చాలు.

అందరికీ నమస్కారం. నేను ఉపన్యాసాలిచ్చే మనిషిని కాను. ముప్పై రెండేళ్ళు బ్యాంకులో పనిచేశాను. అప్పుడు నోట్లు లెక్కపెట్టేవాణ్ణి, రిటైరయ్యాక పిట్టల్ని లెక్కపెడుతున్నాను. తేడా ఏమిటంటే నోట్లు కదలవు. అంతకుమించి నాకు పక్షిశాస్త్రంలో డిగ్రీలేమీ లేవు. తప్పు చెబితే ఇక్కడే ఆపి అడగండి.

జక్కూరు చెరువుకు వెళ్దామని గ్రూపులో మెసేజ్ పెడితే నలభై ఒక్కమంది బొటనవేలు చూపించారు. ఆదివారం పొద్దున ఆరున్నరకు గేటు దగ్గర చూస్తే పంతొమ్మిది మంది. జనవరి చలి కదా, తప్పు పట్టను. ఇంకో నలుగురు ఒక కారులో మ్యాపులో జక్కూరు అని మాత్రం కొట్టి, చెరువు అని కొట్టడం మరిచిపోయి, విమానాల మైదానం గేటు దగ్గర దిగారు. ఫోన్ చేసి "ఇక్కడ పక్షులేమీ కనబడట్లేదండీ, గోడ కనబడుతోంది" అన్నారు. పాపం, ఎగిరేవాటిని చూడాలనే కదా బయలుదేరారు! వాళ్ళు ఇవాళ ఇక్కడే ఉన్నారు, పేర్లు చెప్పను.

సరే, అసలు సంగతికి వస్తాను. వచ్చినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మొదట ఎక్కడికి తీసుకెళ్ళానో. మీకు గుర్తులేకపోయినా మీ ముక్కుకు గుర్తుంటుంది. అందరూ చెరువు అంటే కట్ట మీద నడుస్తాం, సూర్యోదయం ఫోటో తీసుకుంటాం అనుకుని వచ్చారు. నేను మాత్రం ఉత్తరం కొసకు తీసుకెళ్ళాను. నీళ్ళు చెరువులోకి వచ్చే వైపు అది. కొంగులు, రుమాళ్ళు, మంకీ క్యాపులు అన్నీ ముక్కుల మీదికి వచ్చేశాయి. ఒకాయన నన్ను పక్కకు పిలిచి "సార్, పిట్టలు మంచి చోట ఉండవా?" అని అడిగాడు. చాలా మంచి ప్రశ్న. నేను ఇవాళ మాట్లాడేదంతా ఆ ప్రశ్నకు జవాబే. పిట్టలకు మంచి చోటంటే ఏది?

ఆ వాసన సంగతి ముందు చెబుతాను. యలహంక వైపు ఇళ్ళ మురుగునీరు అక్కడున్న శుద్ధి కేంద్రానికి వస్తుంది. రోజుకు కోటి లీటర్ల సామర్థ్యంతో కట్టారు దాన్ని. శుద్ధి చేసిన నీళ్ళు నేరుగా చెరువులోకి పోవు. మధ్యలో ఒక చిత్తడి నేల తయారుచేశారు. అందులో మనవైపు చెరువుల్లో ఉండే జమ్ము, గుర్రపుడెక్క లాంటివి పెరుగుతాయి. నీళ్ళు వాటి మధ్యగా నింపాదిగా పారతాయి. ఆ నింపాదితనంలోనే ఉంది పని అంతా. మట్టి, మష్టు కిందికి దిగుతాయి. వేళ్ళను అంటిపెట్టుకున్న సూక్ష్మజీవులు మిగిలిన మురికిని తింటాయి. నీళ్ళలో మిగిలిపోయిన నత్రజనినీ భాస్వరాన్నీ మొక్కలు లాక్కుంటాయి. నత్రజని, భాస్వరం అంటే అర్థంకాని వాళ్ళు యూరియా, డీఏపీ అనుకోండి. మనం తిని విసర్జించినదే మొక్కలకు ఎరువు. అయితే ఒక్క షరతు. పెరిగిన మొక్కల్ని అప్పుడప్పుడు కోసి బయటికి తీసెయ్యాలి. తీయకపోతే అవి అక్కడే కుళ్ళి, తిన్నదంతా మళ్ళీ నీళ్ళకే అప్పజెబుతాయి. బ్యాంకు భాషలో చెప్పాలంటే డిపాజిట్ చేసి సాయంత్రానికి విత్‌డ్రా చేసినట్టు.

ఇలా చెబితే మురుగునీళ్ళు మంచివేనా అని అడుగుతారు. కావు. శుద్ధి చేయని మురుగు ఏం చేస్తుందో బెంగళూరువాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. బెళ్ళందూరు చెరువు నురుగు రోడ్డు మీదికి వచ్చింది మనం చూశాం. 2017లో అదే చెరువులో మంటలు లేచాయి. చెరువులో మంటలు! మా అవ్వకు చెబితే కలియుగాంతం వచ్చిందనేది. 2016లో హలసూరు చెరువులో చేపలు వేలకొద్దీ చచ్చి తేలాయి. నీళ్ళలో ప్రాణవాయువు లేకపోతే చేప ఏం చేస్తుంది? కాబట్టి నేను మురుగును పొగడటం లేదు. శుద్ధి అయిన నీళ్ళు, వాటిని ఆపి వడకట్టే జమ్ము, కింద కాస్త బురద, ఈ మూడూ కలిసిన చోటును పొగుడుతున్నాను. ఆ రోజు ఆ కొసన ముక్కు మూసుకుని నిలబడ్డ ఇరవై నిమిషాల్లో మనం చూసినన్ని రకాలు, తర్వాత గంటన్నర కట్టంతా తిరిగినా చూడలేదు. నా నోట్‌బుక్కులో ఉంది, కావాలంటే చూపిస్తాను.

ఎందుకంటారు? నా దగ్గర ఒక చిన్న సూత్రం ఉంది. పుస్తకంలోది కాదు, చూసి చూసి తెలిసింది. పిట్టను చూస్తే అది నిలబడ్డ చోట నీళ్ళ లోతెంతో చెప్పొచ్చు. పిట్టల కాళ్ళే కొలబద్దలు. మన పాత కొలతలు ఉన్నాయి కదా, వేలెడు, బెత్తెడు, జానెడు, మూరెడు, నిలువు. పిల్లలూ, బెత్తెడంటే తెలుసా? నాలుగు వేళ్ళు పక్కపక్కన పెడితే అంత. ఆఁ, అలాగే చెయ్యి చూపించండి. ఆ కొలతలతోనే చెరువును చూద్దాం.

మొదట నీళ్ళు లేని తడి బురద. అక్కడ తోక ఊపుతూ పరుగెత్తే చిన్న పిట్టలుంటాయి, తీతువులుంటాయి. తీతువు గురించి తర్వాత చెబుతాను, మనతో నడకకు వచ్చిన బామ్మగారికి దాని మీద ఒక కంప్లయింటు ఉంది.

తర్వాత వేలెడు, బెత్తెడు నీళ్ళు. ఇది ఉల్లంకి పిట్టల రాజ్యం. గోధుమరంగు ఒళ్ళు, వీపు మీద తెల్ల చుక్కలు, సన్నటి పొడుగు ముక్కు. నడుస్తూ నడుస్తూ వెనకభాగం పైకీ కిందికీ ఆడిస్తుంది. బురదలో ముక్కు గుచ్చి పురుగుల్ని, చిన్న చిన్న నత్తల్ని లాగి తింటుంది. ఆ రోజు పదకొండు ఉన్నాయి. ఫోటో ఎవరూ తీయలేదు. తీయరు, మట్టిలో మట్టిలా ఉంటుంది. ఆ పిట్టను మాత్రం గుర్తుపెట్టుకోండి, దాని కథ దగ్గరికి మళ్ళీ వస్తాను.

జానెడు నీళ్ళలోకి వస్తే కొయ్యకాళ్ళ పిట్ట. ఇంగ్లీషులో స్టిల్ట్ అంటారు, ఆ మాటకు అర్థం కూడా కొయ్యకాళ్ళే. జాతరలో కొయ్యకాళ్ళు కట్టుకుని నడిచేవాళ్ళను చూశారు కదా, అచ్చం అలాగే. నలుపూ తెలుపూ ఒళ్ళు, గులాబీరంగు కాళ్ళు. దేవుడు ఒంటికి సరిపోని కాళ్ళు ఇచ్చాడేమో అనిపిస్తుంది. కానీ ఆ కాళ్ళతోనే అది ఉల్లంకి దిగలేని లోతుకు దిగి తింటుంది. అక్కడే ఒడ్డును ఆనుకుని గుడ్డికొంగ. మనవాళ్ళు ఎంత బాగా పేరు పెట్టారో చూడండి! అది గుడ్డిది కాదు. మీరు నాలుగడుగుల దూరం వచ్చేదాకా కదలదు, రంగు బురదలో కలిసిపోయి ఉంటుంది. దీనికి కళ్ళు కనబడవేమో అనుకుంటాం. నిజానికి అప్పటిదాకా దాన్ని చూడని గుడ్డివాళ్ళం మనమే. ఎగిరినప్పుడు తెల్లటి రెక్కలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. మన గ్రూపులో ఒకమ్మాయి "అయ్యో, ఇది కొంగా!" అని గట్టిగా అరిచింది. దాంతో మిగిలినవి కూడా లేచిపోయాయి. పర్వాలేదమ్మా, అందరం అలా అరిచినవాళ్ళమే.

ఇంకొంచెం లోతు, జానెడుకూ మూరెడుకూ మధ్య. ఇక్కడ ఎర్రకాళ్ల కొంగలు. అందరూ ఫోన్లు తీసింది వీటికే. పసుపుపచ్చ ముక్కు, రెక్కల చివర గులాబీరంగు పూసినట్టు. అది చేపను చూసి పట్టదు, తెలుసా? ముక్కు సగం తెరిచి నీళ్ళలో పెట్టి అటూ ఇటూ ఆడిస్తూ ఉంటుంది. చేప తగిలిందా, టక్కున మూస్తుంది. కళ్ళు మూసుకుని అలమరలో తాళంచెవి వెతుక్కుంటామే, అలాగ. కాబట్టి నీళ్ళు మురికిగా ఉన్నా దానికి ఇబ్బంది లేదు. కాళ్ళు నేలకు ఆనకపోతే మాత్రం తిండి లేదు. తెడ్డుమూతి కొంగదీ అదే కథ, అది తెడ్డు తిప్పినట్టు మూతి తిప్పుతుంది. బాతుల్లో కూడా చాలావాటికి ఇదే లోతు కావాలి. తల నీళ్ళలో, తోక ఆకాశంలో పెట్టి తలకిందులుగా ఉంటాయి చూశారా? అడుగున ఉన్న గింజలు, నాచు, పురుగులు మెడకు అందాలి. మెడ ఎంత పొడుగుంటే అంత లోతు. అంతకుమించిన లోతు ఆ బాతుకు ఉన్నా లేనట్టే.

చివరికి నిలువు లోతు. బొల్లికోళ్ళు, మునుగుడు కోళ్ళు, నీటికాకులు, గూడబాతులు. నుదుటి మీద తెల్ల బొల్లి ఉంది కాబట్టి బొల్లికోడి. మునిగితే ఎక్కడ తేలుతుందో పందెం కట్టొచ్చు కాబట్టి మునుగుడు కోడి. మన బామ్మగారు ఆ పేరు ఠక్కున చెప్పేశారు. పిల్లలు ఫోన్‌లో యాప్ తెరిచి వెతుకుతుంటే "మునుగుడు కోడిరా అది, మా ఊరి చెరువులో ఉండేది" అన్నారు. యాప్‌లో ఇంగ్లీషు పేరు వచ్చేసరికి పిట్ట మునిగిపోయింది. గూడబాతు అంటే పెలికాన్. గొంతుకింద ఆ సంచి, దాన్ని వలలాగా వాడి నీళ్ళతో సహా చేపను తోడుకుని, నీళ్ళు వంపేసి మింగుతుంది. జక్కూరులో చేపలు పట్టేవాళ్ళు పుట్టిలో తిరుగుతుంటే గూడబాతులు కాస్త దూరంలో వెంబడిస్తూ ఉన్నాయి. ఎవరు ఎవరిని చూసి నేర్చుకున్నారో మరి.

ఇప్పుడు చెప్పండి. చెరువంతా నిలువు లోతే అయితే ఎన్ని రకాలు మిగులుతాయి? నాలుగో అయిదో. బురదా, వేలెడూ, బెత్తెడూ, జానెడూ, మూరెడూ అన్నీ ఉంటే? ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి. చివర్లో నా పరువు తీసుకోవడానికి పనికొస్తుంది.

సైబీరియా సంగతి

ఎర్రకాళ్ల కొంగల్ని చూడగానే మనలో కనీసం ఆరుగురు అన్నారు, "సైబీరియా నుంచి వచ్చాయి కదండీ" అని. నేను నవ్వాను. కొందరు నొచ్చుకున్నారేమో, క్షమించండి. నేనూ నలభై ఏళ్ళు అలాగే అనుకున్నాను. మాది హిందూపురం వైపు. చిలమత్తూరు దగ్గర వీరాపురం అని ఊరుంది, తెలిసినవాళ్ళు చేతులెత్తండి. ఆఁ, ఉన్నారు మనవాళ్ళు. ఏటా ఈ కొంగలు ఆ ఊళ్ళో చింతచెట్ల మీద, తుమ్మచెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని చేస్తాయి. ఊళ్ళోవాళ్ళు వాటిని కొట్టరు, కొట్టనివ్వరు. మా చిన్నప్పటినుంచీ పేపర్లో "సైబీరియా అతిథులు" అని ఫోటో పడేది. శ్రీకాకుళం తేలినీలాపురం గురించి రాసినా అంతే, గుంటూరు ఉప్పలపాడు గురించి రాసినా అంతే. కొంగ కనబడితే సైబీరియా.

ఒక్కసారి ఆలోచించండి. గూడు కట్టి గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచేది పుట్టింట్లోనా, అతిథిగా వెళ్ళిన ఊళ్ళోనా? సైబీరియా నుంచి చలికి తట్టుకోలేక వచ్చే పక్షి ఇక్కడ గూడు కట్టదు. తిని, బలిసి, ఎండలు ముదిరేలోపు వెళ్ళి అక్కడ గూడు కడుతుంది. వీరాపురంలో గూడు కట్టింది అంటే ఆ కొంగ వీరాపురందే. ఎర్రకాళ్ల కొంగలు, మన గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, ఇవన్నీ ఈ దేశపు పక్షులు. నీళ్ళూ చేపా ఎక్కడుంటే అక్కడికి ఈ చెరువు నుంచి ఆ చెరువుకు తిరుగుతాయి. మండ్యా జిల్లా మద్దూరు దగ్గర కొక్కరె బెళ్ళూరు ఉంది కదా, ఆ ఊరి పేరులో ఉన్న కొక్కరె అంటే కన్నడంలో కొంగే. అక్కడా ఇవే కొంగలు, ఇవే గూడబాతులు, ఊరి మధ్య చెట్ల మీద.

మరి సైబీరియా నుంచి నిజంగా వచ్చిందెవరు? ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను. బెత్తెడు నీళ్ళలో తోక ఆడిస్తున్న ఆ మట్టిరంగు ఉల్లంకి. యాభై, అరవై గ్రాముల పిట్ట. రెండు నిమ్మకాయల బరువు. ఉత్తర యూరప్ నుంచి సైబీరియా దాకా ఉన్న చిత్తడి నేలల్లో అది గూడు కడుతుంది. హిమాలయాలు ఇటువైపు దాటి జక్కూరు బురదకు వచ్చింది. దానికి ఒక్క ఫోటో లేదు! మన పొరుగున ఉన్న కొంగకు మాత్రం నలభై ఫోటోలు, పైగా విదేశీ అతిథి అనే బిరుదు. పెళ్ళిలో నిజమైన చుట్టం మూలన కూర్చుంటాడు, సూటు వేసుకున్నవాణ్ణి అమెరికా అల్లుడు అనుకుని మర్యాదలు చేస్తాం. అదే జరిగింది.

బాతుల్లో కూడా కొన్ని దూరాల నుంచి వచ్చినవే. కంటి మీద తెల్ల గీత ఉన్న చిన్న బాతు, గార్గనీ అంటారు. పారలాంటి ముక్కు ఉన్న షోవెలర్. ఇవి ఫిబ్రవరి, మార్చి దాటితే కనబడవు.

లేపాక్షి నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి ఒక్క మాట. మా ఊరివైపు చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు, జటాయువు అక్కడ పడితే రాముడు "లే పక్షీ" అన్నాడు, అందుకే లేపాక్షి అని. భాషావేత్తలు ఒప్పుకోకపోవచ్చు. పేరులోనే పక్షి ఉన్న చోట పుట్టి, అరవయ్యేళ్ళు వచ్చేదాకా పిచ్చుకకూ గిజిగాడికీ తేడా చూడలేదు నేను. గిజిగాడు తెలుసు కదా, ఆ సొరకాయ బుర్రలాంటి గూళ్ళు కట్టేది.

సరే, బామ్మగారి కంప్లయింటు. కట్ట మీద నడుస్తుంటే తీతువు ఒకటి లేచి అరిచింది. బామ్మగారు ఆగిపోయారు. "తీతువు కూసింది, ఇక చాలు, ఇంటికి పోదాం" అన్నారు. మన పెద్దవాళ్ళకు తీతువు అరుపు చావు కబురు. నేను వాదించలేదు, పెద్దావిడ. ఇంటికి వచ్చే దారిలో మాత్రం చెప్పాను. తీతువు గూడు కట్టదు. నేలమీదే, గులకరాళ్ళ మధ్య, గుడ్లు పెడుతుంది. గుడ్లు కూడా రాళ్ళలాగే ఉంటాయి. చెట్టు కొమ్మ లేదు, తొర్ర లేదు, దాక్కోవడానికి ఏమీ లేదు. దానికున్న ఆయుధం గొంతు ఒక్కటే. మనిషి వచ్చినా, కుక్క వచ్చినా, రాత్రి నక్క వచ్చినా అరిచి గోలచేసి పక్కకు లాగాలని చూస్తుంది. అర్ధరాత్రి పొలం గట్టున ఎవరైనా నడిస్తే అది అరుస్తుంది. ఎవరికో ఒంట్లో బాగాలేకనే కదా ఆ వేళప్పుడు మనుషులు పరుగెత్తేది? అలా కలిసిపోయి ఉంటుంది ఆ శకునం. బామ్మగారు కాసేపు ఆలోచించి "అయితే అది దాని పిల్లల కోసం ఏడుస్తోందా?" అన్నారు. అంతే అనుకుంటానండీ, అన్నాను.

మేం అడిగి చేయించుకున్న చెరువు

ఇప్పుడు నా పరువు సంగతి. మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక చెరువుంది. పేరు చెప్పను. ఆరేళ్ళ కిందట దాని ఒడ్డంతా బురద, జమ్ము, దోమలు. ఒక కొసన చెత్త కూడా వేసేవాళ్ళు. మేం పదిమంది రిటైరైనవాళ్ళం కూర్చుని అర్జీ రాశాం. రాసింది నేనే, నా చేతిరాత బాగుంటుందని. "చెరువును శుభ్రం చేయవలెను. బురద తవ్వవలెను. జమ్ము తొలగించవలెను. ఒడ్డున రాళ్ళు కట్టి నడక బాట వేయవలెను." రెండు వందల మందికి పైగా సంతకాలు. ఇంటింటికీ తిరిగాను.

మన అదృష్టమో దురదృష్టమో, అర్జీలో ఉన్నదంతా చేశారు! ఒక్కటి కూడా వదల్లేదు. యంత్రాలు పెట్టి చుట్టూ ఒకే లోతుకు తవ్వారు. ఒడ్డు వాలుగా ఉండేది, దాన్ని నిలువుగా చెక్కి రాయి పరిచారు. పైన బాట, బాట మీద లైట్లు, మధ్యలో ఫౌంటెన్. బెంగళూరులో చెరువుల కోసం తిరిగేవాళ్ళు దీన్ని సూప్ బౌల్ అంటారు. సూప్ గిన్నె. అంచు దాటితే లోతే. ప్రారంభం రోజు మేం మైసూర్‌పాక్ పంచాం.

తర్వాతి జనవరిలో బైనాక్యులర్ మెడలో వేసుకుని వెళ్ళాను. అప్పటికి నాకు ఈ పిచ్చి కొత్త. బొల్లికోళ్ళు ఉన్నాయి. నీటికాకులు ఉన్నాయి. ఫౌంటెన్ పైపు మీద ఒక లకుముకి పిట్ట ఉంది. ఇంకేమీ లేవు. ఉల్లంకి లేదు, కొయ్యకాళ్ళది లేదు, ఎర్రకాళ్ల కొంగ లేదు. నీళ్ళు ఇదివరకటి కంటే శుభ్రంగా ఉన్నాయి. చేపలున్నాయి. మరి ఎందుకు రాలేదు? నాకు రెండు చలికాలాలు పట్టింది అర్థం కావడానికి. నిలబడటానికి చోటు లేదు. బెత్తెడు నీళ్ళు నేనే తవ్వించేశాను.

"సార్, పిట్టలు మంచి చోట ఉండవా?" అని అడిగాడు చూడండి ఆయన. ఆ మంచి చోటు నేను కట్టించానయ్యా. అక్కడ లేవు.

అంటే పూడిక తీయకూడదా అని మీకు సందేహం రావచ్చు. తీయాలి. బెంగళూరులో సహజమైన సరస్సులు కావివి, మనుషులు వాగులకు అడ్డంగా కట్ట వేసి కట్టిన చెరువులు. తూము, అలుగు, కట్ట, అన్నీ మనకు తెలిసినవే. పూడిక తీయకపోతే ఏ చెరువూ చెరువుగా మిగలదు. మా ఊళ్ళో ఎండాకాలం చెరువు ఎండితే రైతులు వండ్రుమట్టి బండ్లకెత్తి పొలాలకు తోలేవాళ్ళు. ఎవరికి ఎక్కడ వీలైతే అక్కడ తవ్వేవాళ్ళు. అందుకని అడుగు ఎగుడుదిగుడుగా ఉండేది, ఒకచోట గుంత, ఒకచోట దిబ్బ. ఒడ్డు వాలు మాత్రం వాలుగానే ఉండేది, గొడ్లు దిగి నీళ్ళు తాగాలి కదా. గొడ్లు దిగే ఒడ్డున పిట్టా దిగుతుంది. అందం కోసం వాళ్ళేమీ చేయలేదు, పిట్టల కోసం అసలే చేయలేదు. సర్జాపూర్ రోడ్డులో కైకొండ్రహళ్ళి చెరువును బాగుచేసినప్పుడు చుట్టుపక్కల జనం పట్టుబట్టి పనిలో పాలుపంచుకున్నారు. వెళ్ళి చూడండి, నడక బాటా ఉంది, పక్షులూ ఉన్నాయి. రెండూ కుదురుతాయి. అర్జీలో ఏం రాశామన్నదే.

అసలు చెరువే లేకుండా పోవడం కంటే ఇది నయం అంటారా? అదీ నిజమే. మనం హిందూపురం బస్సెక్కే మెజెస్టిక్ బస్టాండు ఒకప్పుడు ధర్మాంబుధి చెరువు. కంఠీరవ స్టేడియం సంపంగి చెరువు. అక్కడ లోతెంత అని అడగడానికి కూడా లేదు ఇప్పుడు.

ఇంకొకటి, నాకు ఇష్టమైన సంగతి. జక్కూరు అలుగు దాటిన నీళ్ళు రాచేనహళ్ళి చెరువుకు పోతాయి. అక్కణ్ణించి నాగవార వైపు, చెరువు తర్వాత చెరువు, చివరికి దక్షిణ పినాకినిలో కలుస్తాయి. దక్షిణ పినాకిని తమిళనాడుకు పోతుంది. ఉత్తర పినాకిని, అదే మన పెన్న, మా హిందూపురం పక్కనుంచి అనంతపురం, కడప, నెల్లూరు పోతుంది. రెండూ నందికొండల దగ్గర పుట్టినవే. అక్కచెల్లెళ్ళు ఒక కొండ దగ్గర విడిపోయి, ఒకరు నెల్లూరుకూ ఒకరు కడలూరుకూ కాపరానికి పోయారు. మనం పొద్దున స్నానం చేసిన నీళ్ళు తమిళనాడు దారిలో ఉన్నాయన్నమాట.

లెక్క గురించి కొంచెం చెప్పి ముగిస్తాను, టీ వాసన వస్తోంది.

ఆ రోజు మనం ముప్పై ఎనిమిది రకాలు రాశాం. నిజానికి నలభై అని కొందరు అంటున్నారు. ఆ రెండూ నేనే కొట్టేశాను. వాటిలో ఒకటి దూరంగా ఎగిరిన గద్ద జాతి పక్షి. అది గరుడపక్షి కాదు, గరుడపక్షి తోక చివర గుండ్రంగా ఉంటుంది. మామూలు గద్ద తోక చివర చీలి ఉంటుంది. ఇది రెండూ కాదు, అంతవరకే తెలిసింది. అనుమానం ఉంటే రాయకూడదు. మన జాబితా ఈబర్డ్ అని పక్షుల లెక్కలు పెట్టే వెబ్‌సైటులోకి పోతుంది, ఎక్కడో ఎవరో దాన్ని నమ్ముతారు. జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచీ జరుగుతోంది. అందులో ఎక్కువ భాగం మనలాంటి జీతం లేని గుమాస్తాలు చేసే పనే. బొల్లికోళ్ళు రెండు వందలుంటే ఒక్కొక్కటీ ఎలా లెక్కపెడతారని మన కుర్రాడు అడిగాడు. పది లెక్కపెట్టి ఆ గుంపు ఎంత చోటు పట్టిందో కంటితో కొలుచుకో, అలాంటి గుంపులు ఎన్నున్నాయో చూడు. క్యాష్ కౌంటర్లో కట్టలు చూసినట్టే. అన్నట్టు, బొల్లికోళ్ళన్నీ ఒక్కసారిగా దగ్గరికి జరిగి ముద్దలా అయితే తల ఎత్తి చూడండి. పైన గద్ద ఉంటుంది.

వచ్చే నెల హెసరుఘట్ట. 1894లో అర్కావతికి అడ్డంగా కట్టి బెంగళూరుకు నీళ్ళిచ్చిన చెరువు. పక్కనే గడ్డి మైదానం ఉంది. ఎర్ర చొక్కాలు, సెంటు, పాటల స్పీకరు వద్దు. బైనాక్యులర్ కొనాలనుకునేవాళ్ళు ఎనిమిది బై నలభై రెండు అని అడగండి. ఎనిమిది అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో అది, నలభై రెండు అంటే ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్లో అది. పన్నెండు రెట్లది మీ చేతిలో వణుకుతుంది, కొనకండి. అసలు మొదటి రెండు నడకలకు ఏమీ కొనకండి, నా దగ్గర రెండున్నాయి. మ్యాపులో మాత్రం పూర్తి పేరు కొట్టండి.

ఇంకొక్క విషయం. బామ్మగారు పులిహోర తెచ్చిన స్టీలు డబ్బా ఎవరి ఇంట్లోనో ఉండిపోయింది. అడుగున ఆవిడ పేరు చెక్కి ఉంటుంది. మూత నా దగ్గరుంది, డబ్బా ఎవరి దగ్గరుందో వాళ్ళు ఇవాళ టీ తాగేలోపు చెబితే బాగుంటుంది.